కళాదేవతలు విడిదికి వచ్చిన కొండ: పార్నాసస్

యూరప్ భాషల్లో పార్నాసస్ అంటే చాలాకాలంగా కవిత్వమే. ఫలానా కవి పార్నాసస్ ఎక్కాడంటే గొప్పవాళ్ల సరసన చోటు దొరికిందని లెక్క. సంగీతం నేర్పే ఒక ప్రసిద్ధ పుస్తకం పేరుకు అర్థం ‘పార్నాసస్‌కు మెట్లు’. ప్యారిస్‌లో ఒక పేట, పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి కవుల బృందం ఒకటి, చిత్తడి నేలల్లో పూసే ఒక తెల్ల పువ్వు, హిమాలయాల్లోనూ ఎగిరే సీతాకోకచిలుకల జాతి, అన్నీ ఆ పేరు పెట్టుకున్నవే. అసలు కొండ మాత్రం మధ్య గ్రీసులో, కొరింథ్ సింధుశాఖకు ఉత్తరాన ఉంది. సున్నపురాయి పర్వతం, ఎత్తు 2,457 మీటర్లు. దాని నైరుతి వాలు మీద డెల్ఫీ. పాటల దేవుడు అపోలో గుడిలో పూజారిణి నోట దేవుడే పలుకుతాడని గ్రీకులు నమ్మిన చోటు అది.

ఇంత పేరున్న కొండే అయినా, గ్రీకుల అతి పాత కావ్యాలు తిరగేస్తే దీని మీద కవిత్వం జాడ దొరకదు. కళలకు అధిదేవతలైన మ్యూజ్‌లు, ఆ తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు, పుట్టిందీ ఇక్కడ కాదు, మొదట కాపురం ఉన్నదీ ఇక్కడ కాదు. పక్క కొండ నుంచి పిలిస్తే వచ్చినవాళ్లు. ఆ పిలుపు రాతి మీద చెక్కి ఉంది, పాడాల్సిన స్వరాలతో సహా. పార్నాసస్ పేరు అంత దూరం ఎందుకు పాకిందో తెలియాలంటే ఆ రాతి దాకా వెళ్లాలి. అంతకన్నా ముందు అక్కడ ఏముండేదో చూడాలి.

హోమర్ ‘ఒడిస్సీ’లో పార్నాసస్ ఒక వేట అడవి. కుర్రతనంలో ఒడిస్సియస్ తన తాత ఆటోలికస్ ఇంటికి వెళ్తాడు. తెల్లవారగానే మేనమామలతో కలిసి కొండెక్కుతాడు. గాలీ ఎండా వానా చొరబడలేనంత దట్టమైన పొదలో, కుప్పగా రాలిన ఆకుల మధ్య ఒక అడవిపంది పడుకుని ఉంటుంది. కుక్కల అలికిడికి అది లేచి మీదికి దూకుతుంది, మోకాలి పైన కండను కోరతో చీల్చేస్తుంది. ఒడిస్సియస్ ఈటె దాని భుజంలోంచి దూసుకుపోతుంది. మేనమామలు గాయానికి కట్టు కట్టి, మంత్రం చదివి రక్తం ఆపుతారు. ఎన్నో ఏళ్ల తరవాత అతను బిచ్చగాడి వేషంలో సొంత ఇంటికి చేరినప్పుడు, కాళ్లు కడుగుతున్న ముసలి దాది యూరిక్లియా చేతికి ఆ మచ్చ తగులుతుంది. పట్టుకున్న కాలు వదిలేస్తుంది. అది తగిలి కంచు గంగాళం ఒరిగిపోతుంది, నీళ్లు నేల మీద ఒలికిపోతాయి. గ్రీకు సాహిత్యంలో పార్నాసస్ గురించిన తొలి పెద్ద సన్నివేశం ఇదే. ఇందులో వీణ లేదు, పాట లేదు. ఉన్నది గాలి వీచే కొండవాలు, వేట, రక్తం.

హెసియడ్ కావ్యంలోనూ అంతే. ఆయన హెలికాన్ కొండ పాదాన ఆస్క్రా అనే ఊరివాడు. గొర్రెలు కాసుకుంటుంటే మ్యూజ్‌లు కనిపించి తనకు పాట నేర్పారని చెప్పుకున్నాడు. ఆయన లెక్కలో మ్యూజ్‌లు పుట్టింది ఒలింపస్ దగ్గరి పియేరియాలో, నాట్యమాడేది హెలికాన్ మీద. పార్నాసస్ పేరు వచ్చేది వేరే సందర్భంలో. క్రోనస్ తన పిల్లల్ని మింగేస్తుంటే, జ్యూస్ పుట్టినప్పుడు తల్లి బిడ్డ బదులు గుడ్డలో చుట్టిన రాయిని అందిస్తుంది. ఆ తరవాత క్రోనస్ కక్కిన రాయిని జ్యూస్ తెచ్చి పార్నాసస్ లోయల కింద, డెల్ఫీలో పాతిపెట్టాడని హెసియడ్ చెప్తాడు. అంటే క్రీ.పూ. ఏడో శతాబ్దం నాటికి హెలికాన్ పాటల కొండ, పార్నాసస్ రాయి ఉన్న కొండ. రెండూ ఒకదానికొకటి ఆగ్నేయ, వాయవ్య దిక్కుల్లో ఇరుగుపొరుగునే ఉన్నాయి.

జలప్రళయం కథలో ఈ కొండకు ఇంకా పాత పాత్ర ఉంది. జ్యూస్ కోపించి లోకాన్ని ముంచేసినప్పుడు డ్యుకేలియన్, అతని భార్య పిర్రా ఒక చెక్కపెట్టెలో తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు తేలి చివరికి పార్నాసస్‌కు చేరారు. తలలు కప్పుకుని, వెనక్కి తిరగకుండా భుజాల మీదుగా రాళ్లు విసిరితే అతను వేసినవి మగవాళ్లుగా, ఆమె వేసినవి ఆడవాళ్లుగా లేచాయి. నీళ్లన్నీ ముంచెత్తాక ఓడ కొండకు చేరే కథ మనకూ తెలుసు. శతపథ బ్రాహ్మణంలో చేప మనువు ఓడను ఉత్తరగిరికి లాక్కెళ్తుంది. క్రీ.శ. రెండో శతాబ్దంలో గ్రీసంతా తిరిగి రాసుకున్న పౌసానియస్ స్థానికుల నోట ఇంకో ముక్క విన్నాడు. వరద వచ్చినప్పుడు కొందరు తోడేళ్ల అరుపులు వింటూ, వాటి వెనకే పైకి ఎక్కి బతికి, పైన లైకోరియా అనే ఊరు కట్టుకున్నారట. నేటికీ పార్నాసస్ శిఖరాన్ని అక్కడివాళ్లు లియాకూరా అంటారు. లైకోరియా అరిగి అరిగి మిగిలిన రూపమే అది అని పండితుల మాట.

పార్నాసస్ అనే పేరు కూడా గ్రీకు కాకపోవచ్చు. నాసస్, స్సోస్ అనే తోకలున్న ఊళ్ల పేర్లు, కొండల పేర్లు ఏజియన్ సముద్రం రెండు ఒడ్డుల్లోనూ ఉన్నాయి. ఇవి గ్రీకులు రాకముందు ఆ నేల మీద వాడుకలో ఉన్న భాషలవని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తారు. అనటోలియాలో, అంటే నేటి టర్కీలో, మాట్లాడిన లూవియన్ భాషలో ‘పర్నా’ అంటే ఇల్లు. దేవుడి ఇల్లున్న కొండ కనుక ఆ పేరు వచ్చిందని కొందరి ఊహ. ఊహ అని గుర్తుంచుకుంటూనే దీన్ని తీసుకోవాలి. అనటోలియాలోనూ ఒక పార్నాసస్ ఉండేదన్న సంగతి దానికి కొంత బలాన్నిస్తుంది.

కొండ నీడలో బతికినవాళ్లకు పార్నాసస్ అంటే ముందుగా దాక్కునే చోటు. క్రీ.పూ. 480లో పర్షియన్ సైన్యం గుడిని దోచుకోవడానికి వస్తోందని తెలిసి డెల్ఫీ జనం భార్యాబిడ్డల్ని సింధుశాఖ దాటించి, తాము సామాన్లు మోసుకుని పైనున్న కోరిషియన్ గుహకు చేరారు. ఊళ్లో మిగిలింది 60 మంది మగవాళ్లు, ఒక ప్రవక్త. శత్రువు దగ్గరికి రాగానే ఉరుములు ఉరిమి, కొండ మీది నుంచి రెండు బండలు విరిగి పడి చాలామందిని చంపాయని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఆ రాళ్లు తన కాలంలోనూ అథీనా గుడి ఆవరణలో పడి ఉన్నాయని కూడా చెప్పాడు. దేవుడి మహిమ సంగతి ఎలా ఉన్నా రాళ్లు పడటం మాత్రం కట్టుకథ కాదు. 1905లో అదే అథీనా గుడి మీద కొండచరియలు పడి, తవ్వకాల్లో బయటపడిన స్తంభాల్లో చాలావాటిని కూల్చేశాయి.

కోరిషియన్ గుహ డెల్ఫీ నుంచి గంటల తరబడి నడక దూరంలో, దేవదారు జాతి చెట్ల మధ్య ఉంటుంది. తాను చూసిన గుహలన్నిటిలోకీ ఇదే చూడదగ్గదని పౌసానియస్ అన్నాడు. దీపం లేకుండానే చాలా లోపలి దాకా నడవొచ్చని కూడా రాశాడు. పాన్ అనే మేకకాళ్ల దేవుడికీ వనదేవతలకూ ఇది గుడి. 1970 ప్రాంతంలో ఫ్రెంచి పురావస్తు శాఖ తవ్వితే వేలకొద్దీ మట్టిబొమ్మలు, ఉంగరాలు, వాటితోపాటు గొర్రెల, మేకల చీలమండ ఎముకలు 20,000కు పైగా దొరికాయి. ఈ ఎముకలు గ్రీకు పిల్లలు గచ్చకాయల్లా ఆడుకునేవి. వాటినే పాచికల్లా వేసి శకునమూ చూసేవారు. కింద డెల్ఫీలో రాజులూ నగరాలూ బంగారు కానుకలిచ్చి యుద్ధాల గురించి అడిగేవాళ్లు. పైన గుహలో పశువుల కాపరులు, మామూలు జనం ఒక ఎముక ఇచ్చి తమ చిన్న ప్రశ్న తాము అడుక్కునేవాళ్లు. పార్నాసస్ గురించి చెప్పేవాళ్లు కింది గుడి దగ్గరే ఆగిపోతారు కానీ, ఈ కొండ అక్కడి మనుషులకు ఏమిటో తెలిపేది ఆ గుహే.

చలికాలంలో కొండ చేతులు మారేది. ఏడాదిలో మూడు నెలలు అపోలో డెల్ఫీలో ఉండడని, అప్పుడు పెత్తనం ద్రాక్షసారాకు, పూనకానికి దేవుడైన డయనైసస్‌దని నమ్మకం. ఆ నెలల్లో అపోలో స్తోత్రాలు ఆపి డయనైసస్ పాటలు పాడేవాళ్లు. రెండేళ్లకోసారి థయియాడ్‌లు అనే స్త్రీలు, కొందరు ఏథెన్స్ నుంచి నడిచి వచ్చి, డెల్ఫీ స్త్రీలతో కలిసి మంచులో కాగడాలతో కొండ మీదికి వెళ్లి పూనకంతో ఆడేవాళ్లు. ప్లూటార్క్ డెల్ఫీ గుడిలో పూజారిగా పనిచేసినవాడు, ఈ సంగతులు దగ్గరగా తెలిసినవాడు. ఒకసారి ఈ స్త్రీలు గాలివానలో, మంచులో చిక్కుకుంటే కాపాడటానికి వెళ్లినవాళ్ల పైబట్టలు చెక్కల్లా బిగుసుకుపోయి, విప్పబోతే పగిలిపోయాయని రాశాడు. ఆయనే చెప్పిన ఇంకో ఘటన ఉంది. యుద్ధం రోజుల్లో పూనకంలో దారితప్పిన థయియాడ్‌లు ఆంఫిస్సా ఊరి బజారులోకి వచ్చి, ఒళ్లు తెలియక అక్కడే పడి నిద్రపోయారు. ఊరినిండా సైనికులు. ఆంఫిస్సా ఆడవాళ్లు వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా వాళ్ల చుట్టూ నిలబడి కాపలా కాశారు. లేచాక అన్నం పెట్టి, భర్తల అనుమతితో సరిహద్దు దాకా సాగనంపారు. పార్నాసస్ చుట్టూ అల్లుకున్న కథలన్నిటిలో మనసుకు ఎక్కువగా తగిలేది ఇదే. దీనిలో దేవుళ్లు లేరు, మహిమలు లేవు.

మరి కవిత్వం ఎక్కడి నుంచి వచ్చింది? డెల్ఫీలో జరిగే పోటీల నుంచి. ఒలింపియాలో పరుగు పందెం ఎలాగో డెల్ఫీలో పాట అలాగ. పిథియన్ క్రీడల్లో మొట్టమొదటి పోటీ అపోలో స్తోత్రం పాడటమేనని పౌసానియస్ రాశాడు. క్రీ.పూ. ఆరో శతాబ్దం మొదట్లో నాలుగేళ్లకోసారి జరిగేలా మార్చి, అప్పుడు పరుగులూ రథాలూ చేర్చారు. హెసియడ్‌ను ఈ పోటీకి రానివ్వలేదని, కారణం ఆయనకు పాడుతూ వీణ వాయించడం రాకపోవడమేనని అక్కడివాళ్లు చెప్పుకునేవారట. గెలిచినవాళ్లకు డబ్బు ఇవ్వరు, అపోలోకు ఇష్టమైన లారెల్ ఆకుల దండ వేస్తారు. ఇంగ్లీషులో గొప్ప బహుమతి పొందినవాళ్లను నేటికీ లారియేట్ అనడం ఆ దండ నుంచి వచ్చిందే.

ఇక ఆ రాతి దగ్గరికి వద్దాం. డెల్ఫీ శిథిలాల మీద కస్త్రి అనే పల్లె ఉండేది. దాన్ని పక్కకు తరలించి 1892లో ఫ్రెంచివాళ్లు పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. 1893లో ఏథెన్స్ నగరపు ఖజానా కట్టడం గోడ రాళ్ల మీద రెండు స్తోత్రాలు బయటపడ్డాయి. పాట అక్షరాల పైన వేరే గుర్తులు. అవి స్వరాలు. క్రీ.పూ. 128 ప్రాంతంలో ఏథెన్స్ నుంచి ఊరేగింపుగా వచ్చిన గాయకులు పాడిన పాటలివి. చెప్పుకోదగ్గంత నిడివిలో మిగిలిన ప్రాచీన గ్రీకు సంగీతం చాలా తక్కువ, అందులో ఇవి ముఖ్యమైనవి. మొదటి స్తోత్రం మొదలయ్యేదే మ్యూజ్‌లను పిలుస్తూ. దట్టమైన అడవులున్న హెలికాన్‌ను ఏలుకునే జ్యూస్ కూతుళ్లారా రండి, మీ తోబుట్టువు అపోలోను పాటతో కొలవండి, అతను డెల్ఫీ కన్యలతో కలిసి ఈ పార్నాసస్ జంటశిఖరాల దగ్గర కాస్టలియా ఊటకు వస్తున్నాడు అన్నది దాని సారాంశం. అంత ఆలస్యంగా కూడా, పార్నాసస్ మీద నిలబడి పాడేవాళ్లే మ్యూజ్‌ల ఇల్లు హెలికాన్ అని ఒప్పుకుంటున్నారు. ఇక్కడికి విడిదికి రమ్మంటున్నారు, అంతే. 1894 జూన్‌లో ప్యారిస్‌లో ఒలింపిక్ క్రీడల్ని తిరిగి మొదలుపెట్టాలని నిర్ణయించిన సభలో ఈ స్తోత్రాన్నే పాడారు. దానికి వాద్యసహకారం సమకూర్చింది ఫ్రెంచి సంగీతకర్త గాబ్రియేల్ ఫోరే.

జంటశిఖరాలు అన్న మాట దగ్గర ఒక్కక్షణం ఆగాలి. కవులంతా పార్నాసస్‌ను రెండు తలల కొండ అన్నారు. నిజానికి డెల్ఫీలో నిలబడితే కనిపించేవి ఫెడ్రియాడిస్ అనే రెండు నిటారు కొండగోడలు. ఎండ పడితే మెరుస్తాయి, ఆ పేరుకు అర్థం కూడా మెరిసేవి అనే. ఆ రెంటి మధ్య చీలికలోంచే కాస్టలియా ఊట పారుతుంది. అసలు శిఖరం వాటి వెనక చాలా దూరాన, చాలా ఎత్తున ఉంటుంది. గుడి దగ్గరి నుంచి అది కనిపించదు. వందల ఏళ్లపాటు కవిత్వంలో నిలిచిన ఆ రెండు శిఖరాల బొమ్మ కొండ పాదం దగ్గర నిలబడినవాళ్లు చూసి గీసినది.

మ్యూజ్‌లను పార్నాసస్ మీద స్థిరంగా కూర్చోబెట్టడం, కాస్టలియా నీళ్లు తాగితే కవిత్వం వస్తుందనడం, ఈ రెండూ బాగా పాకింది లాటిన్ కవుల చేతుల్లో. డెల్ఫీ యాత్రికులకు ఆ నీళ్లు గుడిలోకి వెళ్లేముందు శుద్ధి చేసుకోవడానికి. రోమ్‌లో కూర్చుని రాసేవాళ్లకు ఆ చన్నీళ్లతో పని లేదు, పేరుతో పని. తియ్యటి ప్రేమ నన్ను పార్నాసస్ నిర్జన శిఖరాల మీదికి లాక్కుపోతోందని వర్జిల్ తన వ్యవసాయ కావ్యంలో అన్నాడు. పర్సియస్ అనే కవి వచ్చేసరికి, అంటే నూరేళ్లు కూడా కాకుండానే, నేనేమీ జంటతలల పార్నాసస్ మీద నిద్రపోయి కల కనలేదు అని మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటికే ఆ మాట అంతగా అరిగిపోయిందన్నమాట.

మధ్యయుగం దాటేసరికి ఈ పేరుకు కొత్త ప్రాణం వచ్చింది. ఇటలీ కవి దాంతే తన మహాకావ్యంలోని స్వర్గకాండ మొదట్లో, ఇప్పటిదాకా పార్నాసస్ ఒక శిఖరం సరిపోయింది, ఇక రెండూ కావాలి అని అపోలోను వేడుకుంటాడు. 1341లో ఇంకో ఇటలీ కవి పెట్రార్క్‌కు రోమ్‌లో లారెల్ కిరీటం పెట్టినప్పుడు ఆయన చేసిన ప్రసంగానికి ఆధారం వర్జిల్ పార్నాసస్ పాదాలే. క్రైస్తవ యూరప్‌లో కవికి ఒక హోదా, దానికో కొండ, దానికో ఆకుల దండ స్థిరపడింది ఇక్కడే అనొచ్చు.

దీనికి బొమ్మకట్టింది ఇటలీ చిత్రకారుడు రాఫెల్. పోప్ రెండో జూలియస్ గదుల్లో 1510, 1511 ప్రాంతంలో ఆయన వేసిన కుడ్యచిత్రం ఉంది. ఆ గది నాలుగు గోడలకు దైవజ్ఞానం, తత్త్వం, న్యాయం, కవిత్వం అని నాలుగు విషయాలు. కవిత్వం గోడ మీద పార్నాసస్. మధ్యలో నిజమైన కిటికీ ఉంది. దాని చుట్టూ కొండ లేచినట్టు గీశాడు. కొండ మీద అపోలో, మ్యూజ్‌లు, చుట్టూ పాతా కొత్తా కవులు. కళ్లు లేని హోమర్ తల పైకెత్తి చెప్తుంటాడు, దగ్గర్లోనే దాంతే, వర్జిల్. కిటికీ అంచున ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో కూర్చుని ఉంటుంది, చేతిలో ఆమె పేరున్న కాగితపు చుట్ట. అపోలో చేతిలో ప్రాచీన వీణ లేదు, రాఫెల్ కాలంలో ఇటలీ ఆస్థానాల్లో కమానుతో వాయించే వాద్యం ఉంది. ఈ చిన్న మార్పులోనే విషయమంతా ఉంది. ఆ కొండ గతానిది కాదు, మా కాలం కవులకూ అక్కడ చోటుంది అని చిత్రకారుడు చెప్తున్నాడు. హోమర్ పక్కన దాంతేను నిలబెట్టడమూ అందుకే.

చోటు దొరుకుతుందని తేలాక తోపులాట మొదలైంది. 1614లో సెర్వాంటెస్ ‘పార్నాసస్ యాత్ర’ అనే దీర్ఘకావ్యంలో చెడ్డ కవుల దండయాత్ర నుంచి అపోలోను కాపాడటానికి మంచి కవుల్ని ఓడ ఎక్కించాడు. ఫ్రాన్స్‌లో టితోన్ ద్యు తియ్యే అనే పెద్దమనిషి ‘ఫ్రెంచి పార్నాసస్’ పేరుతో కంచు కొండ పోయించి, దాని మీద అపోలో స్థానంలో పద్నాలుగో లూయీ రాజును పెట్టాడు. కవుల కొండ ఒక రాజ్యపు గౌరవచిహ్నం అయింది.

ఈ పేరు వల్ల నిజంగా మేలు జరిగింది మాత్రం బళ్లలో. ‘గ్రాదుస్ అద్ పర్నాసుమ్’ అంటే లాటిన్‌లో పార్నాసస్‌కు మెట్లు. పదిహేడో శతాబ్దం చివర వచ్చిన ఒక ఛందస్సు నిఘంటువు ఈ పేరుతోనే తరతరాల పిల్లల చేత లాటిన్ పద్యాలు కట్టించింది. 1725లో వియన్నాలో యోహాన్ యోసెఫ్ ఫుక్స్ అదే పేరుతో సంగీత గ్రంథం అచ్చువేశాడు. ఒక స్వరానికి ఎదురుగా ఇంకో స్వరాన్ని ఎలా నడపాలో గురుశిష్య సంవాదంగా చెప్పే పుస్తకం. మొదట ఒక స్వరానికి ఒకటే, తరవాత రెండు, తరవాత నాలుగు. హైడన్ దానితో సొంతంగా నేర్చుకున్నాడు. మొజార్ట్, బీతోవెన్‌లూ ఆ పద్ధతిలోనే సాధన చేశారు. నేటికీ సంగీత కళాశాలల్లో ఆ మెట్ల వరస బతికే ఉంది. దైవదత్తం అనుకున్న కళను మెట్టు మెట్టుగా ఎక్కించొచ్చన్న నమ్మకం ఈ పేరుకు దక్కిన అన్ని అర్థాల్లోకీ గొప్పది. రాజు బొమ్మ పెట్టిన కంచు కొండ ఒకరికి కూడా పాట నేర్పలేదు. ఈ పుస్తకం నేర్పింది.

ప్యారిస్‌లో మోంపర్నాస్ కథ ఇంకో దారి. పదిహేడో శతాబ్దంలో నగరం దక్షిణపు అంచున రాళ్లూ మట్టీ పేరుకున్న ఒక దిబ్బ ఉండేది. దాని మీద చేరి పద్యాలు చదువుకునే విద్యార్థులు సరదాగా దానికి పార్నాసస్ కొండ అని పేరు పెట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో రోడ్డు వేయడానికి దిబ్బను చదును చేశారు, పేరు మాత్రం మిగిలింది. 1910ల్లో, 1920ల్లో అద్దెలు తక్కువని ఆ పేటకు చేరిన చిత్రకారులు, రచయితలు ల రొతోండ్, ల దోమ్ లాంటి కాఫీ హోటళ్లలో ఒక కప్పు కాఫీతో గంటలు గడిపేవాళ్లు. మొదిలియాని, పికాసో, హెమింగ్వే తిరిగిన వీధులివి. విద్యార్థులు సరదాగా పెట్టిన పేరు ఆ రోజుల్లో అక్షరాలా నిజమైంది. దాని పేరుతో 1973లో 210 మీటర్ల ఆఫీసు టవర్ లేచింది. నగర మధ్యంలో అంత ఎత్తు కట్టడాలు ఇక వద్దని ప్యారిస్ తేల్చుకోవడానికి ఆ టవరే ఒక కారణం.

అదే నగరంలో 1866లో అల్ఫాన్స్ లెమేర్ అనే ప్రచురణకర్త ‘సమకాలీన పార్నాసస్’ అనే కవితా సంకలనం తెచ్చాడు. 1871లో, 1876లో మరో రెండు వచ్చాయి. సొంత బాధలు ఏకరువు పెట్టే రొమాంటిక్ కవిత్వం మీద విసుగుతో, శిల్పంలా చెక్కిన పద్యం కావాలన్న లకాంత్ ద లీల్, ఎరేదియా లాంటివాళ్లకు పార్నాసియన్లన్న పేరు స్థిరపడింది. ఇందులో ఒకరైన సుల్లీ ప్రుదోమ్‌కు 1901లో సాహిత్యానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది. పదిహేనేళ్ల రాంబో 1870లో ఈ సంకలనంలో చోటిప్పించమని తన పద్యాలు పంపాడు, చోటు దొరకలేదు. ఇవాళ ఎక్కువమంది చదివేది ఆ కుర్రవాడినే. ఈ ఉద్యమం బ్రెజిల్‌లో ఫ్రాన్స్‌లో కన్నా లోతుగా పాతుకుంది, ఒలావో బిలాక్ దాని పెద్ద కవి. 1922లో సావో పాలోలో ఆధునికులు తిరగబడింది ఆ పద్ధతి మీదే. ఏథెన్స్‌లో కోస్తిస్ పాలమాస్ తరం కవులు కూడా ఫ్రెంచి పార్నాసియన్ల దగ్గర పద్యశిల్పం నేర్చుకున్నారు. సొంత దేశపు కొండ పేరు వాళ్లకు ప్యారిస్ తిరిగి, కొత్త అర్థంతో చేరింది.

ప్రకృతిశాస్త్రంలోకి వచ్చిన పార్నాసస్‌కు కొండతో సంబంధం కొంత దగ్గరిదే. ‘పార్నాసస్ గడ్డి’ అని యూరప్‌లో పిలిచే మొక్క గడ్డి కాదు. పొడవాటి కాడ మీద ఒక్కటే పువ్వు, అయిదు తెల్ల రేకులు, వాటి మీద సన్నటి ఆకుపచ్చ గీతలు. ప్రాచీన గ్రీకు వైద్యుడు డయోస్కొరిడిస్ పార్నాసస్ మీద పెరిగే ఒక గడ్డిని ప్రస్తావించడంతో ఆ పేరు దీనికి అంటుకుంది. లిన్నేయస్ 1758లో ఒక కొండ సీతాకోకచిలుకకు అపోలో అని పేరు పెట్టాడు, తరవాత దాని జాతికి పార్నాసియస్ అన్న పేరు వచ్చింది. తెల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద నల్ల అంచున్న ఎర్ర చుక్కలు. దేవుడి పేరు జీవికి, అతని కొండ పేరు జాతికి పెట్టిన ఆ వరస అందంగా కుదిరింది. ఇవి చలి ఎత్తుల్లో బతికేవి. లద్దాఖ్ లాంటి చోట్ల ఈ జాతి చిలుకలు చాలా రకాలున్నాయి. వాతావరణం వేడెక్కుతుంటే అవి ఇంకా పైకి జరగాలి, శిఖరం దాటాక జరగడానికి చోటుండదు.

అసలు కొండ ఇవాళ మూడు రకాల మనుషులది. ఒకరు డెల్ఫీకి బస్సుల్లో వచ్చే టూరిస్టులు. 1987 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. రెండోవాళ్లు మంచు మీద జారడానికి వచ్చేవాళ్లు. 1976లో మొదలైన స్కీ కేంద్రం వల్ల చలికాలం వారాంతాల్లో ఏథెన్స్ కార్లన్నీ అరహోవా ఊరి ఇరుకు వీధుల్లోనే ఉంటాయి. ఆ ఊరివాళ్లు ఒకప్పుడు గొర్రెలు కాచి, రగ్గులు నేసి, జున్ను చేసి బతికినవాళ్లు. 1826 నవంబరులో మంచు పడుతుండగా స్వాతంత్ర్య యుద్ధంలో కరాయిస్కాకిస్ నాయకత్వంలో గ్రీకులు ఒట్టోమన్ సైన్యాన్ని ఓడించిన చోటు కూడా అదే. మూడోవాళ్లు గనులవాళ్లు. విశాఖ మన్యం వివాదాల వల్ల బాక్సైట్ అనే మాట తెలుగు పాఠకులకు బాగా తెలుసు. మన్యంలో అది కొండల నెత్తిన పొరగా ఉంటుంది. ఇక్కడ సున్నపురాయి పొరల మధ్య ఎర్రటి పట్టీల్లా ఇరుక్కుని ఉంటుంది. పార్నాసస్, గియోనా, హెలికాన్ కొండల్లోని ఈ నిక్షేపాల వల్లే యూరోపియన్ యూనియన్‌లో గ్రీసు పెద్ద బాక్సైట్ ఉత్పత్తిదారు అయింది. సముద్రతీరాన 1960ల్లో వచ్చిన అల్యూమినియం కర్మాగారం వేలమందికి పని ఇచ్చింది. అలాగే కొండల మీద దూరం నుంచే కనిపించే ఎర్రటి కోతలు కూడా మిగిల్చింది.

1938లోనే పార్నాసస్‌లో కొంత భాగాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. గ్రీసులో ఒలింపస్‌తోపాటు మొట్టమొదటివాటిలో ఇదొకటి. గీత లోపల గ్రీకు ఫర్ అడవులు, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని ముదురెరుపు పియనీ పూలు. గీత బయట గనులు. స్కీ కేంద్రం, రోడ్లు, హోటళ్లు ఇంకొంచెం పైకి రావాలంటాయి. ఈ గొడవలో పార్నాసస్ అనే గొప్ప పేరు డెల్ఫీ శిథిలాలకు అండగా నిలిచినంతగా కొండకు నిలబడలేదు. పేరు విని వచ్చినవాళ్లలో ఎక్కువమంది అపోలో గుడి చూసి, కాస్టలియా దగ్గర ఫొటో దిగి, సాయంత్రానికి వెనుదిరుగుతారు. కోరిషియన్ గుహకు వెళ్లే పాత కాలిబాట ఫెడ్రియాడిస్ గోడల పక్కగా, రాతిలో తొలిచిన మెట్ల మీదుగా ఇప్పటికీ పైకి వెళ్తుంది. సగం రోజు ఓపిక ఉన్నవాళ్లకు ఆ దారే మంచిది.